పదో మనిషిని తీసుకుంటే ఏమవుతుంది?

ప్రశ్న: జీడిమెట్లలో చిన్న షెడ్డు నడుపుతున్నాను. కంప్యూటర్‌తో నడిచే కోత మెషీన్లు నాలుగున్నాయి: మూడు సీఎన్‌సీ లేతులు, ఒక వీఎంసీ (మిల్లింగ్ మెషీన్). తొమ్మిది మంది పనిచేస్తున్నారు. అందులో ప్రోగ్రామర్‌కి నెలకు 28 వేలు, మిగతా ఎనిమిది మందికి సగటున 16 వేల చొప్పున ఇస్తున్నాను. ఒక పెద్ద కంపెనీ నెలకు 20 వేల బుష్‌ల (చిన్న లోహపు గొట్టాల్లాంటి విడిభాగాలు) ఆర్డరు ఇస్తామంటోంది. దానికి రెండో షిఫ్టు వేయాలి, ఇంకో ఐదుగురు కావాలి. పది దాటితే ఈఎస్ఐ (కార్మికుల బీమా), ఫ్యాక్టరీ లైసెన్సు, పీఎఫ్ అన్నీ మెడకు చుట్టుకుంటాయనీ, కొత్తవాళ్లను లేబర్ కాంట్రాక్టర్ ఖాతాలో వేయమనీ, లేదంటే నా భార్య పేరిట ఇంకో ఫర్మ్ పెట్టమనీ కన్సల్టెంట్ అంటున్నారు. ఆర్డరు వదులుకోవడమే నయమేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: ఆర్డరు వదులుకోకండి. కాంట్రాక్టర్ ఖాతా, రెండో ఫర్మ్ ఆలోచనలు మాత్రం వదిలేయండి. మీ భయంలో సగం పాత చట్టాల నుంచి వచ్చింది. మిగతా సగం నిజమే కానీ, దాన్ని రూపాయల్లో లెక్కకట్టి కొటేషన్‌లో పెట్టుకోవచ్చు.

ముందు మీ దగ్గర ఉన్నది నిజంగా తొమ్మిది మందేనా అన్నది చూడండి. ఈఎస్ఐ లెక్కలో జీతం 21 వేలు దాటినవాళ్లకు చందా ఉండదు గానీ, తలల లెక్కలో వాళ్లూ ఉంటారు. మీ ప్రోగ్రామర్ అలాగే లెక్కలోకి వచ్చారు. రోజూ గంటసేపు వచ్చి షెడ్డు ఊడ్చి వెళ్లే ఆమెకు మీరు నెల జీతం ఇస్తుంటే ఆమె కూడా వస్తుంది. మీ భార్యగారి పేరిట పుస్తకాల్లో జీతం ఖర్చు రాస్తుంటే ఆమెను కూడా ఉద్యోగిగానే చూస్తారనుకోండి. రాత్రి కాపలాకు ఏజెన్సీ మనిషి ఉంటే అతన్నీ కలిపి చూసుకోవడం మంచిది. ఆ ఏజెన్సీకి సొంత ఈఎస్ఐ కోడ్ ఉండి డబ్బు కడుతుంటే మీరు మళ్లీ కట్టక్కర్లేదు, కానీ నెలనెలా ఆ చలానా కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోవాలి. యజమానిగా మీరు మాత్రం లెక్కలోకి రారు. ఇలా కూడితే మీ షెడ్డు ఇప్పటికే పది దాటి ఉండవచ్చు. దాటి ఉంటే ఏ తేదీన దాటిందో ఆ తేదీనే రిజిస్ట్రేషన్‌లో చూపించి, బకాయి కట్టేయండి. కన్సల్టెంట్లు "ఈ నెల నుంచే చూపిద్దాం" అంటారు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పాత జీతాలు కనిపిస్తూనే ఉంటాయి గనక అది నిలబడదు.

ఇక చట్టం సంగతి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో కరెంటు వాడే షెడ్డులో పదిమంది ఉంటే అది ఫ్యాక్టరీ. వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో ఆ సంఖ్య 20 అయింది. కరెంటు వాడని చోట 20 కాస్తా 40 అయింది. అంటే పద్నాలుగు మందితో మీరు ఫ్యాక్టరీ నిర్వచనంలోకి రారు. మీ కన్సల్టెంట్ చెప్పినది పాత లెక్క. పీఎఫ్ కూడా 20 మందికే, బోనస్ కూడా 20కే. పది దగ్గర మీకు తగిలేవి మూడు: ఈఎస్ఐ, గ్రాట్యుటీ, వృత్తి భద్రత కోడ్ కింద సంస్థ రిజిస్ట్రేషన్.

ఈఎస్ఐలో యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. ఐదుగురు కొత్తవాళ్లు వస్తే 21 వేల లోపు వాళ్లు పదమూడు మంది అవుతారు. 16 వేల సగటున మొత్తం జీతాలు 2,08,000. మీ వాటా నెలకు 6,760 రూపాయలు. ఒక్కో కార్మికుడి జీతంలో తగ్గేది 120. మీరు వేసే 20 వేల బుష్‌లకు పంచితే ఒక్కో పీసుకు 34 పైసలు పడుతుంది. పది దాటితే మునిగిపోతామన్న మాటకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

పది దాటకుండా ఉన్నవాళ్లతోనే ఓటీ (అదనపు గంటల పని) చేయిద్దాం అనుకుంటే లెక్క ఎలా ఉంటుందో చూడండి. 16 వేల జీతాన్ని 26 రోజులకు, రోజుకు 8 గంటలకు భాగిస్తే గంటకు దాదాపు 77 రూపాయలు. ఓటీకి చట్టం రెట్టింపు ఇవ్వమంటుంది, అంటే దాదాపు 154. ఐదుగురు చేసే పని రోజుకు 40 గంటలు. దాన్ని ఓటీతో చేయిస్తే నెలకు 1,60,000 అవుతుంది. ఐదుగురిని పెట్టుకుంటే జీతాలు 80,000, పదమూడు మందికీ కలిపి ఈఎస్ఐ 6,760. తేడా 73 వేల పైనే. పైగా మనిషికి రోజుకు నాలుగు గంటలకు మించి ఓటీ నెలంతా చేయించడం ఏ చట్టం ప్రకారమూ కుదరదు. పన్నెండో గంటలో లేతు దగ్గర నిలబడ్డ మనిషి చెయ్యి ఎటు పోతుందో అతనికే తెలియదు. చాలా షెడ్లలో ఓటీకి సింగిల్ రేటే ఇస్తున్నారు. అది మిగులు అనుకోకండి. వేతనాల కోడ్ ప్రకారం తక్కువ ఇచ్చిన డబ్బు కోసం కార్మికుడు మూడేళ్ల దాకా వెనక్కి వెళ్లి అడగవచ్చు. ఆ కోడ్‌కు పది, ఇరవై లెక్క ఏదీ లేదు. ఒక్క మనిషి ఉన్నా వర్తిస్తుంది.

కాంట్రాక్టర్ ఖాతా ఎందుకు పనికిరాదంటే, మీ షెడ్డులో, మీ మెషీన్ మీద, మీ సూపర్‌వైజర్ చెప్పినట్టు పనిచేసే మనిషి ఎవరి పేరిట జీతం తీసుకున్నా ఈఎస్ఐ దృష్టిలో మీ సంస్థలోని మనిషే. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు యజమానిగా మీరే కట్టి, తర్వాత అతని బిల్లులో కోసుకోవాలి. అతను ఫోన్ ఎత్తడం మానేస్తే మీకు మిగిలేది నోటీసు. రెండో ఫర్మ్‌దీ అదే కథ. ఒకే షెడ్డు, ఒకే కరెంటు మీటరు, ఒకే కస్టమరు, ఇక్కడి హెల్పర్ అక్కడ పనిచేయడం, ఇక్కడి ఖాతా నుంచి అక్కడికి డబ్బు వెళ్లడం కనిపిస్తే రెండింటినీ కలిపి ఒకే సంస్థగా లెక్కగడతారు. పైగా రెండు జీఎస్టీ నంబర్లు, రెండు సెట్ల రిటర్నులు. నియమాల బరువు తప్పించుకోవడానికి పెట్టిన ఫర్మ్ ఆ బరువును రెట్టింపు చేస్తుంది.

దొరికితే పడేది ఎంతో కూడా చూడండి. మూడేళ్లు కట్టలేదనుకుందాం. రెండు వాటాలూ కలిపి 4 శాతం చొప్పున నెలకు 8,320, 36 నెలలకు 2,99,520. వెనకటి నెలల కార్మికుడి వాటాను ఇప్పటి జీతంలో కోయడానికి వీల్లేదు, అదీ మీ జేబులోంచే పోతుంది. ఏడాదికి 12 శాతం వడ్డీ సుమారు 54 వేలు. నష్టపరిహారం పేరిట వేసేది దీనికి అదనం. వ్యాపారం కాస్త ఊపందుకున్న ఏడాదే సాధారణంగా ఈ దెబ్బ తగులుతుంది, ఎందుకంటే పెద్ద కస్టమర్లు ఆడిట్‌కి వచ్చి ముందు అడిగే కాగితాల్లో ఈఎస్ఐ చలానా ఒకటి.

డబ్బు కన్నా ముఖ్యమైన సంగతి ప్రమాదం. ఈఎస్ఐ లేని షెడ్డులో 30 ఏళ్ల మనిషి పనిలో చనిపోతే, పరిహారం మొత్తం యజమాని ఇవ్వాలి. 15 వేల వేతన పరిమితిలో సగం 7,500, ఆ వయసుకు చట్టంలోని గుణకం 207.98, మొత్తం 15,59,850 రూపాయలు. బొటనవేలు పోతే లెక్క వేరు, 30 శాతం వైకల్యం కింద 5,61,546. మెషీన్ లోన్ నడుస్తున్న చిన్న షెడ్డు ఆ మొత్తాన్ని తట్టుకోలేదు. అంతకన్నా ఘోరం, ఇవ్వలేని యజమాని దగ్గర ఆ కుటుంబం ఏళ్ల తరబడి తిరగాల్సి రావడం. ఈఎస్ఐ ఉంటే ఆ బాధ్యత కార్పొరేషన్‌ది. గాయపడి ఇంట్లో ఉన్నన్నాళ్లూ వేతనంలో 90 శాతం కార్మికుడి ఖాతాలో పడుతుంది, చనిపోతే కుటుంబానికి నెలనెలా పెన్షన్ వస్తుంది, భార్యాపిల్లలకు సనత్‌నగర్ ఆస్పత్రిలో వైద్యం ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు జరిగిన గాయానికీ ఇది వర్తిస్తుంది. నెలకు 6,760కి ఇంత రక్షణ ఇచ్చే ప్రైవేటు పాలసీ మీకు దొరకదు.

అందుకే రిజిస్ట్రేషన్ వరస తప్పకూడదు. వర్తించిన తేదీ నుంచి 15 రోజుల్లో ఈఎస్ఐ పోర్టల్‌లో సంస్థను నమోదు చేయాలి. పాన్, జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) సర్టిఫికెట్, షెడ్డు అద్దె ఒప్పందం లేదా కేటాయింపు పత్రం, బ్యాంకు చెక్కు, ఉద్యోగుల జాబితా దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఒక పూట పని. 17 అంకెల కోడ్ వస్తుంది. ఆ తర్వాత ఒక్కో మనిషికీ 10 అంకెల ఇన్సూరెన్స్ నంబరు తీయాలి. ఇక్కడే ఎక్కువగా తప్పు జరుగుతుంది. చేరిన రోజు ఒకటైతే, నెలాఖరులో నంబరు తీసి ఆ రోజునే చేరినట్టు వేస్తారు. మధ్యలో చెయ్యి నలిగితే ఆ మనిషి చేరనట్టే లెక్క. మెషీన్ ముట్టుకోకముందే నంబరు తీయండి. ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో అప్పుడే చూడండి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లుంటే కుటుంబం సొంతూళ్లో ఉందని నమోదు చేసి, వాళ్లకు దగ్గరి డిస్పెన్సరీ ఎంచుకోవచ్చు. ఇది చేయకపోతే "డబ్బు కోస్తున్నారు, మాకేం వస్తుంది" అని వాళ్లు అడగడంలో న్యాయం ఉంది. మానేసిన మనిషి పేరు పక్కన కారణం, చివరి పనిరోజు వేయకపోతే తర్వాతి నెల చలానాలో అతను వేలాడుతూనే ఉంటాడు. ప్రతి నెల చందా మరుసటి నెల 15లోగా కట్టాలి. ఒకసారి వర్తించాక, తర్వాత మనుషులు ఎనిమిదికి తగ్గినా ఈఎస్ఐ కొనసాగుతుంది. అది తెలిసే దిగండి.

ఇంకో జాగ్రత్త, అన్నిటికన్నా ఎక్కువ షెడ్లను ఏడిపించేది ఇదే. ఈఎస్ఐ, జీఎస్టీ, ఉద్యమ్, లేబర్ పోర్టల్, ఏదైనా సరే, మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. కన్సల్టెంట్ తన నంబరు ఇచ్చేస్తే ఓటీపీ ఆయనకే వెళ్తుంది. ఆయనతో చెడిన రోజున మీ సంస్థ మీకే తెరుచుకోదు. నోటీసులు కూడా ఆ మెయిల్‌కే పోయి, గడువు దాటాక మీకు తెలుస్తాయి. డిజిటల్ సంతకం డాంగిల్ మీ బీరువాలో ఉండాలి. చలానా డబ్బు కన్సల్టెంట్‌కి పంపకండి. చలానా ఆయన తయారుచేస్తారు, మీ బ్యాంకు నుంచి మీరు కడతారు. "నేను మేనేజ్ చేస్తా" అన్న మాట వినిపిస్తే ఆయన్ని మార్చేయండి.

వృత్తి భద్రత కోడ్ కింద రిజిస్ట్రేషన్‌కు వర్తించిన తేదీ నుంచి 60 రోజుల గడువుంది, ఆన్‌లైన్‌లోనే. గ్రాట్యుటీ ఇప్పుడు చేతి నుంచి పోయే డబ్బు కాదు, కానీ ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పేరుకుంటుంది. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్లకు, నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాదికే హక్కు వస్తుంది. మనిషికి నెలకు ఇంత అని పక్కన పెట్టడం ఇవాళే మొదలుపెట్టండి. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి. ఒక పేజీ చాలు: పేరు, పని, చేరిన తేదీ, జీతం, పని గంటలు. జీతాన్ని బేసిక్ 6 వేలు, అలవెన్సులు 10 వేలు అని చీల్చే పాత అలవాటు ఇక పనికిరాదు. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటిన భాగాన్ని వేతనంలోనే కలుపుతారు. మీలాంటి షెడ్డుకు 16 వేలూ బేసిక్, డీఏ కిందే చూపడం తేలిక, తగువులు ఉండవు. తెలంగాణలో కనీస వేతనాల మీద డీఏ ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మారుతుంది. ఆ రెండు నెలల్లో మీ హెల్పర్ జీతం కింద పడిపోలేదు కదా అని సరిచూసుకోండి. జీతం మరుసటి నెల 7లోగా బ్యాంకు ద్వారా. మానేసిన మనిషి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. ఈ నియమం దగ్గర చాలామంది పట్టుబడతారు, "వచ్చే నెల జీతాలప్పుడు ఇస్తాం" అనే అలవాటు వల్ల. 15 వేలు దాటిన జీతానికి వృత్తి పన్ను 150, 20 వేలు దాటితే 200, అది మర్చిపోకండి.

ఐదుగురిలో ఇద్దరిని ఐటీఐ కుర్రాళ్లుగా అప్రెంటిస్ చట్టం కింద తీసుకోవచ్చు. వాళ్లు ఈఎస్ఐ లెక్కలోకి రారు, స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 దాకా కేంద్రం భరిస్తుంది. అయితే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం నమోదై ఉండాలి. నోటిమాటగా "ట్రైనీ" అని పిలుస్తూ ఏడాది పొడవునా మెషీన్ మీద నిలబెడితే అతను కార్మికుడే.

రెండో షిఫ్టుతో కూలెంట్ (కోత వేడిని తగ్గించే ద్రవం), వాడేసిన నూనె కూడా పెరుగుతాయి. వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉంది. డ్రమ్ముల్లో, కాంక్రీటు నేల మీద, నీడలో, లేబుల్‌తో ఉంచాలి. 90 రోజులకు మించి నిల్వ ఉండకూడదు. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే మానిఫెస్ట్ (సరుకు ఎవరికి ఎంత వెళ్లిందో చూపే పత్రం) రాసి ఇవ్వాలి. సందులోకి ఆటోలో వచ్చి రొక్కం ఇచ్చే మనిషికి అమ్మితే ఆ డబ్బు చిన్నది, తర్వాత వచ్చే తలనొప్పి పెద్దది. ఏటా జూన్ 30లోగా కాలుష్య నియంత్రణ మండలికి వార్షిక రిటర్ను వేయాలి. బుష్‌లకు ప్లేటింగ్ కూడా మీరే చేయమని కంపెనీ అడిగితే ఒప్పుకోకండి. ఎలక్ట్రోప్లేటింగ్ ఎక్కువ కాలుష్యం చేసే రెడ్ కేటగిరీ, దానితో మీ అనుమతులన్నీ మొదటికొస్తాయి. బయట చేయించండి.

ఇన్‌స్పెక్షన్ అంటే అంత బెదురు అక్కర్లేదు. కొత్త కోడ్‌లలో వేతనాల లోపం మొదటిసారి దొరికితే కేసు పెట్టేముందు సరిదిద్దుకోవడానికి గడువు ఇవ్వాలి. అదే తప్పు ఐదేళ్లలోపు మళ్లీ చేస్తే ఆ అవకాశం ఉండదు. హాజరు, జీతాల రిజిస్టర్లు, చలానాలు, నియామక పత్రాలు ఒకే ఫైల్లో షెడ్డులోనే ఉంచండి. అడిగిన ప్రతిదానికీ రాతపూర్వకంగా జవాబిచ్చి రసీదు తీసుకోండి. వచ్చిన అధికారి ముందు చూసేది మెషీన్లనే. సైకిల్ టైమ్ కలిసొస్తుందని సీఎన్‌సీ డోర్ ఇంటర్‌లాక్‌ను (తలుపు తెరిస్తే మెషీన్ ఆగేలా చేసే ఏర్పాటును) తీగతో షార్ట్ చేసి తలుపు తెరిచే నడిపించే అలవాటు మీ ఆపరేటర్లకు ఉంటే, రెండో షిఫ్టు మొదలవకముందే తీసేయించండి. సూపర్‌వైజర్ లేని రాత్రి వేళ దానివల్లే వేళ్లు పోతాయి.

అసలు గోడ 20 దగ్గర ఉంది. అక్కడ ఫ్యాక్టరీ లైసెన్సు, పీఎఫ్, బోనస్ మూడూ ఒకేసారి వస్తాయి. పీఎఫ్‌లో యజమానికి 12 శాతం, దానిమీద బీమా, నిర్వహణ చార్జీలు కలిపి 13 శాతం పడుతుంది. 15 వేల పరిమితి మీద మనిషికి 1,950. ఇరవై మందికీ కడితే నెలకు 39 వేలు, రాత్రికి రాత్రి. పంతొమ్మిది మంది దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయిన మంచి షెడ్లు ఉండటానికి కారణం ఇదే, వాళ్లను తప్పుపట్టలేం. ఇరవయ్యో మనిషితో మొత్తం భారం ఒక్కసారిగా కాకుండా రెండు మూడేళ్లలో మెల్లగా ఎక్కేలా చట్టం ఉండాలి. అలా లేనంతకాలం మీరు చేయగలిగింది ఒకటే. 20వ మనిషిని ఒంటరిగా తీసుకోకండి. ఇంకో మెషీన్, ఇంకో ఆర్డరు ఖాయమయ్యాక 19 నుంచి నేరుగా 24, 25కి వెళ్లండి, అప్పుడు ఆ ఖర్చును పంచుకునే ఉత్పత్తి ఉంటుంది. మధ్యలో దసరా రద్దీకని రెండు రోజులు ముగ్గురిని అదనంగా పెట్టుకుని తెలియకుండా 20 తాకకండి. గడిచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజు ఆ సంఖ్య చేరినా ఫ్యాక్టరీ అవుతుంది.

ఇక కొటేషన్. ఈఎస్ఐ 34 పైసలు, గ్రాట్యుటీకి పక్కన పెట్టేది, ఏటా ఇచ్చే సెలవుల జీతం, మూడూ పీసు రేటులో ఇప్పుడే కలపండి. ఆర్డరు ఖాయమయ్యాక అడిగితే ఎవరూ పెంచరు. ఫోర్జింగ్‌లు వాళ్లే పంపి మీరు మెషీనింగ్ మాత్రమే చేస్తే అది జాబ్ వర్క్. మెటీరియల్ వాళ్ల డెలివరీ చలానా మీద రావాలి, ఏడాదిలోపు తిరిగి వెళ్లాలి, స్క్రాప్ ఎవరిదో ఆర్డరులోనే రాయించుకోవాలి. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేయండి. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో వాళ్లు చెల్లించాలి. దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా కట్టకపోతే ఆదాయపన్ను చట్టం కింద ఆ ఏడాది ఆ ఖర్చు వాళ్లకు చెల్లదు గనక వాళ్ల అకౌంట్స్ విభాగమే తొందరపడుతుంది. 90 రోజుల గడువు అని పర్చేజ్ ఆర్డరులో ఉంటే సంతకం పెట్టేముందే 45కి మార్చమనండి. మీరు జీతాలు 7న, ఈఎస్ఐ 15న, జీఎస్టీ 20న కట్టాలి, వాళ్ల డబ్బు మూడు నెలలకు వస్తే ఐదుగురు కొత్తవాళ్ల మొదటి మూడు నెలల జీతాలకు మీరు అప్పు చేయాల్సి వస్తుంది. వాళ్లు 45కి ఒప్పుకోకపోతే 20 వేల పీసులు కాకుండా 8 వేలతో, ఇద్దరు మనుషులతో మొదలుపెట్టండి.